రెండో కొలత

అక్క కుడిచెయ్యి పోయిన రోజు మంగళవారం. నేను పాఠాలు చెప్పే బడి వదిలాక ఎప్పటిలాగే కళ్లజోళ్ల షాపు మీదుగా ఇంటికి బయలుదేరాను. అక్క అక్కడ పనిచేసేది. మూసే వేళ ఇంకా కాలేదు గాని ఆమె బల్ల మీది దీపం ఆర్పేసి ఉంది. కుడి అరచేతిని ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని, ఎవరో మరిచిపోయి వెళ్లిన వస్తువును చూసినట్టు చూస్తోంది.

“ఏమైందక్కా?”

“స్క్రూ పట్టు చిక్కట్లేదురా. పొద్దున్నించీ ఒక్క కళ్లజోడు దగ్గరే ఉన్నాను. చూస్తున్నంతసేపూ వేళ్ల మధ్య ఉంటుంది. చూపు తిప్పితే ఉందో లేదో తెలియదు.”

కళ్లజోడు కాడను ఫ్రేముకు బిగించే స్క్రూ ఆవగింజంత ఉంటుంది. నాకు ఉద్యోగం రాకముందు నుంచీ అక్క చేస్తున్న పని అది. షాపు యజమాని కౌంటరు దగ్గర్నించి, “రేపు చూద్దాంలెండమ్మా, చలికి అలాగే ఉంటుంది” అన్నాడు. అది చలికాలం కాదు.

దారిలో, “అమ్మకి ఇప్పుడే చెప్పకు” అంది అక్క. అమ్మ తలుపు తీస్తూనే, “చేతికేమైందే?” అంది.

ఇది రాస్తున్న నాటికి అక్క లేదు. అందుకని జరిగినవి జరిగిన క్రమంలో, నాకు తెలిసినంత వరకే రాస్తాను.

అక్కకు ఎం.ఎస్. అనే నరాల జబ్బు ఉండేది. పూర్తి పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్. రోగాల నుంచి ఒంటిని కాపాడవలసిన శక్తే దారి తప్పి, మెదడులోనూ వెన్నుపాములోనూ ఉండే నరాల మీది పొరను తినేస్తుంది. డాక్టరు బొమ్మ గీసి చాలాసేపు చెప్పారు. అంతా విని అమ్మ, “కంచే చేను మేసిందన్నమాట” అంది. మాకు అర్థమైంది ఆ మాటే. జబ్బు మొదట అక్క కుడికాలిని పట్టుకుంది. ఎడమచేతిలోకి కర్ర వచ్చింది. చేతులు బాగున్నంతకాలం అక్క జబ్బును పెద్దగా లెక్కచెయ్యలేదు. “నేను కూర్చుని చేసే పనికి కాళ్లెందుకు? కుర్చీకి నాలుగున్నాయిగా” అనేది.

ఆ జబ్బుకు కొత్త మందొకటి పరీక్షిస్తున్నారని తెలిసి అక్క ఆ పరిశోధనలో చేరింది. చేరినవాళ్లలో సగం మందికి అసలు మందు ఇస్తారు. మిగతా సగానికి చూడ్డానికి అచ్చం అలాగే ఉండే ఉత్త బిళ్లలు. ఎవరికి ఏది వెళ్తోందో మింగేవాళ్లకీ తెలియదు, ఇచ్చేవాళ్లకీ తెలియదు. అక్క రోజూ పొద్దున్నే బిళ్లను వెలుతురుకు పెట్టి చూసి, “మందువైతే పని చెయ్యి. సుద్దముక్కవైతే మా తమ్ముడి బడికి పో” అని నోట్లో వేసుకునేది.

ఆస్పత్రిలో ఇద్దరు డాక్టర్లు ఉండేవారు. ఒకావిడ వైద్యం చూసేది. ఆవిడతో ఏదైనా చెప్పుకోవచ్చు. రెండో ఆయన కొలిచే డాక్టరు. ఆయనతో మాత్రం ఏమీ చెప్పకూడదు. ఒంట్లో ఎలా ఉంది, బిళ్ల పడిందా లేదా, ఇంట్లో ఏం చేసుకోగలుగుతున్నారు, ఇవేవీ ఆయన చెవిన పడకూడదు. పడితే జాలికో ఆశకో గీత అటూ ఇటూ జరుగుతుందని నియమం. ఆయనా అంతే, ప్రతిసారీ ఒక అట్ట మీద రాసి ఉన్న మాటలే చదివేవాడు. అక్క ఆయనకు మౌనస్వామి అని పేరు పెట్టింది.

మౌనస్వామి కొలబద్ద సున్నాతో మొదలై అర అర చొప్పున పెరుగుతుంది. పెరిగినకొద్దీ మనిషి తగ్గినట్టు. చూపు, తూకం, స్పర్శ, అన్నీ చూస్తాడు. కాని ఒక గీత దాటాక అందులో లెక్కకు వచ్చేది దాదాపు నడకే. ఎంత దూరం నడిచారు, కర్ర పట్టారా, ఒకటా రెండా. అక్క ఆ గీత ఎప్పుడో దాటింది. చేతుల కోసం విడిగా ఒక పరీక్ష పెట్టారు. తొమ్మిది రంధ్రాలున్న చిన్న పలక, పక్కన పళ్లెంలో తొమ్మిది పుల్లలు. ఒక్కొక్కటే తీసి రంధ్రాల్లో పెట్టాలి, మళ్లీ ఒక్కొక్కటే తీసి పళ్లెంలో వెయ్యాలి. ఆయన గడియారం నొక్కుతాడు. మొదటిసారి కంటే అయిదో వంతు ఆలస్యమైతే చెయ్యి తగ్గినట్టు.

ఆ మంగళవారం తర్వాత జరిగిన కొలతలో అక్క కుడిచెయ్యి అయిదో వంతును దాటి చాలా వెనకబడింది. రెండు పుల్లలు కింద పడ్డాయి. మౌనస్వామి వంగి తీసి పళ్లెంలో వేశాడు.

వైద్యం చూసే డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. “ఒకసారి తగ్గితే తగ్గినట్టు కాదమ్మా. ముందురోజు నిద్ర లేకపోయి ఉండొచ్చు, లోపల జ్వరం ఉండొచ్చు. ఈ జబ్బులో పోయినవి కొన్ని తిరిగి వస్తాయి కూడా. మూడు నెలలాగి మళ్లీ కొలుస్తారు. అప్పుడూ ఇలాగే ఉంటే నిజంగా తగ్గినట్టు లెక్క. ఇక దాపరికం లేకుండా మీకు అసలు మందే ఇస్తాం.”

“ఈలోపు బయట కొనుక్కుంటేనో?” అన్నాను.

“ఇంకా బయటికి రాలేదండీ. పనిచేస్తుందో లేదో తేలడానికేగా ఇదంతా.”

అక్క వేరే ఏదో ఆలోచిస్తోంది. “మళ్లీ ఆ పుల్లలేనా?” అని మాత్రం అడిగింది.

“అవే.”

మా అమ్మ కూడా బడిపంతులుగా చేసి రిటైరైంది. మా ఇంట్లో పరీక్ష అన్న మాటకు ఒకటే అర్థం. సంగతి విని, “అయితే సప్లిమెంటరీ రాయాలన్నమాట. అది మన ఇంటా వంటా లేదే” అంది. నవ్వుతూనే అంది. అక్క నవ్వలేదు.

వారం తిరిగేసరికి ఇంట్లోకి ఒక పలక వచ్చింది. అక్క అడిగితే షాపు యజమాని చెక్కముక్కకు తొమ్మిది రంధ్రాలు వేయించి ఇచ్చాడట. పుల్లల కోసం సన్నటి పెన్సిళ్లు ముక్కలుగా కోశారు. నేను దిద్దవలసిన పేపర్ల కట్టతో ఇంట్లోకి వచ్చేసరికి అక్క బల్ల ముందు ఉంది, అమ్మ ఫోనులో గడియారం పెట్టుకుని నిలబడి ఉంది.

“మొదలు!” అంది అమ్మ, అక్క అనుకరించి చూపే మౌనస్వామి గొంతుతో.

“ఏంటిది?”

“కనపడట్లేదూ? ట్యూషన్.”

“అక్కా, ఇది పాసవ్వాల్సిన పరీక్ష కాదు.”

“మరి ఫెయిలవ్వాల్సిందా?”

“ఉన్నది ఉన్నట్టు తేలాలి, అంతే.”

“వేగంగా చెయ్యమంటాడు, వేగంగా చేస్తాను. నీ బళ్లో పిల్లలు పుస్తకం ముట్టకుండా వచ్చి, ఉన్నది ఉన్నట్టు దిద్దండి సార్ అంటే ఊరుకుంటావా మాస్టారూ?”

“ఊరుకోను.”

“మరి?”

“వాడి మాట వినకే” అంది అమ్మ. “చెయ్యి ఆడించమని ఫిజియో కూడా చెప్పాడు. వీడికి ఎక్కడ చూసినా తప్పులే. దిద్ది దిద్ది అలా తయారయ్యాడు.”

అమ్మ చెప్పింది నిజమే, చెయ్యి ఆడించడం మంచిదే. అక్క చెప్పిందీ నిజమే. చేతనైనంత వేగంగా చెయ్యమనే ఆ అట్ట మీద రాసి ఉంటుంది. అయినా నాకు మనసు కుదుటపడలేదు. నేను లెక్కలు చెప్తాను. త్రిభుజం మీది అక్షరాలతో సహా సిద్ధాంతాన్ని కంఠతా పట్టే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. పేపరులో వాళ్లకు పూర్తి మార్కులు వేస్తాను. అదే త్రిభుజాన్ని పక్కకు తిప్పి గీస్తే వాళ్లు తెల్లమొహం వేస్తారు. పేపరు అబద్ధం చెప్పినట్టు కాదు. అడిగినదానికి జవాబు వచ్చింది. నేను అడగనిది తెలియలేదు.

అక్క చెయ్యి ఆ పిల్లల దారిలో నడిచింది. పుల్లను బొటనవేలితో, చూపుడువేలితో పట్టుకోవడం మానేసింది. ఆ రెండింటికీ స్పర్శ లేదు. ఉంగరంవేలితో పుల్లను పళ్లెం అంచుకు నొక్కి, మధ్యవేలి పక్కకు దొర్లించి, మణికట్టు తిప్పి రంధ్రంలో జారవిడిచేది. సంవత్సరాల తరబడి సూక్ష్మమైన పని చేసిన మనిషి, దారి కనిపెట్టింది. నెల గడిచేసరికి పుల్లలు టకటకా పడుతున్నాయి. అదే నెలలో ఆమె చొక్కా బొత్తాలు అమ్మ పెట్టడం మొదలైంది. తల దువ్వడం కూడా. చెంచా ఎడమచేతిలోకి మారింది. షాపులో స్క్రూల పని వేరే వాళ్లకు ఇచ్చి, అక్కను కౌంటరు దగ్గర కూర్చోబెట్టారు.

ఈ రెండింటినీ మేం ఒకచోట పెట్టి చూసుకోలేదు. బొత్తాలు జబ్బు ఖాతాలో, పుల్లలు పరీక్ష ఖాతాలో పడిపోయాయి.

రెండో కొలత రోజున అక్క ఇస్త్రీ చొక్కా వేసుకుంది. తోడు వచ్చినవాళ్లు గోడవారన కుర్చీలో కూర్చోవచ్చు, నోరు విప్పకూడదు. నేను పరీక్షల్లో కాపలా ఉన్నవాణ్ణి, ఆ నియమం నాకు కొత్త కాదు. నడక ముందు జరిగింది. నేల మీద టేపు అంటించిన రెండు గీతల మధ్య అక్క కర్రతో నడిచింది. అంతకుముందు ఎలా ఉందో అలాగే ఉంది. తర్వాత పలక.

“నేను మొదలు అన్నాక, మీకు చేతనైనంత వేగంగా...” మౌనస్వామి అట్ట చదివాడు.

అక్క చెయ్యి కదిలింది. ఒక్క పుల్లా పడలేదు. మౌనస్వామి గడియారం వైపు చూడవలసినవాడు అక్క వేళ్ల వైపు చూశాడు. తర్వాత గడియారం చూసి, రాసుకుని, “అయిపోయింది” అని అట్ట మీది చివరి మాట చదివాడు.

వరండాలోకి వచ్చాక అక్క నా భుజం మీద కర్రతో తట్టింది. “ఏరా, చూశావా?”

“చూశాను.”

“మొహం అలా పెట్టావేంటి? ఫస్టు క్లాసురా.”

డాక్టరమ్మ గదిలో కూర్చున్నాం. ఆవిడ కాగితం చూసి చిరునవ్వు నవ్వింది. “మంచి కబురమ్మా. చెయ్యి తిరిగి వచ్చినట్టుంది. అయిదో వంతు లోపలే ఉన్నారు. కనుక తగ్గినట్టు లెక్కకు రాదు. ఇప్పుడు వేసుకుంటున్న బిళ్లలే కొనసాగిద్దాం.”

అక్క మొహంలో నవ్వు వెంటనే పోలేదు. మెల్లగా, దీపం వత్తి తగ్గించినట్టు, తగ్గింది.

“ఆ అసలు మందు...” అంది.

“ఇప్పుడు అవసరం పడలేదుగా.”

బిళ్లల డబ్బా అందుకున్నందుకు సంతకం చెయ్యాలి. డాక్టరమ్మ కలం ఇచ్చింది. అక్క కుడిచేత్తో అందుకుంది. కలం జారింది. మళ్లీ తీసి, పిడికిట్లో చిన్నపిల్లలు పట్టుకున్నట్టు పట్టుకుని, ఏదో గీసింది. డాక్టరమ్మ ఆ గీతనీ, కాగితం మీది అంకెనీ మార్చి మార్చి చూసింది.

“ఇంట్లో ఏం చేసుకోగలుగుతున్నారమ్మా మీరు?”

“పుల్లలు పెట్టగలను” అంది అక్క.

తర్వాత అన్నీ చెప్పింది. పలక, పెన్సిలు ముక్కలు, అమ్మ ఫోను, ఉంగరంవేలు. దాచుకోవలసిన పని చేశానని ఆమె అనుకోలేదు, అందుకని ఏదీ దాచలేదు. డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

“మీరు చెప్పింది నేను నమ్ముతున్నాను” అంది. “కాని నా నమ్మకం కొలత కాదు. ఆయన గడియారం చెప్పిందే కొలత. దాన్ని నేను దిద్దకూడదు.”

“మళ్లీ పెట్టమనండి. ఇప్పుడే. బొత్తాలు పెట్టమనండి” అన్నాను.

“బొత్తాలు ఇందులో లేవండీ. వచ్చే విడత కొలతలో తగ్గితే, అక్కడి నుంచి మళ్లీ మూడు నెలలు చూడాలి.”

“అంటే మళ్లీ మొదటికొచ్చామా?”

“మొదటికే.”

అక్క అడిగింది. “ఇప్పుడు నేనేం చెయ్యాలి? కావాలని కింద పడెయ్యాలా?”

“వద్దు. ఎప్పుడూ అలా చెయ్యొద్దు. చేతనైనంత వేగంగానే చెయ్యండి. ఇంట్లో ఆ పలక మాత్రం ముట్టుకోకండి.”

ఇంటికి వచ్చి చెప్తే అమ్మ పలకను బల్ల మీంచి తీసి అలమరలో పెట్టింది. తర్వాత, “నా పెంపకమే కొంప ముంచింది” అంది.

“నీ మొహం. నువ్వు మొదలు అన్నావు, అంతేగా” అంది అక్క. “పడెయ్యమంటే పడేసేదాన్నేమో అమ్మా. కాని నా అంకె ఒక్కటే కాదుగా అక్కడుండేది. ఎందరివో కలిపి చూస్తారట. నేను నటిస్తే, రేపు ఎవరో ఆ లెక్క నమ్మి బిళ్ల మింగుతారు.”

“ఇప్పుడు ఇచ్చిన అంకె మాత్రం నిజమా?” అన్నాను.

“అదే అర్థం కావట్లేదురా. నేను అబద్ధం చెప్పలేదు. అయినా అది నిజం కాదు.” నా వైపు తిరిగింది. “నేర్చుకున్నది మరిచిపోవడం ఎలా మాస్టారూ? మీ బళ్లో అది చెప్తారా?”

నా ఉద్యోగంలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

పలకను అమ్మ ఎవరికో ఇచ్చేసింది. అక్క చెయ్యి మాత్రం దాన్ని మరవలేదు. టీవీ చూస్తూ కూర్చుంటే కుర్చీ చేతి మీద ఉంగరంవేలు తనంతట తనే నొక్కి, దొర్లించి, జారవిడిచేది. అక్క ఎడమచేత్తో దాన్ని పట్టుకుని ఆపేది. “ఇదుగో, మీ తరగతి మొద్దు మళ్లీ పాఠం వల్లిస్తోంది” అనేది నాతో. మేం నవ్వేవాళ్లం. ఆ నెలల్లో మా ఇంట్లో నవ్వులు తక్కువేం కాదు.

తర్వాతి విడతకు జబ్బు ఆ ఉపాయాన్ని కూడా దాటిపోయింది. ఉంగరంవేలు ముడుచుకుంది. నేను గోడవారన అదే కుర్చీలో ఉన్నాను. అక్క పెదవి కరుచుకుని, చేతనైనంత వేగంగా చేసింది. అందులో నటన లేదని నేను ప్రమాణం చేసి చెప్పగలను. పుల్లలు ఒకటి తర్వాత ఒకటి పడ్డాయి. మౌనస్వామి వంగుతూ తీస్తూ ఉన్నాడు. చివరిది రంధ్రంలో పడేసరికి అక్క మెడ మీద చెమట కనపడింది. ఆయన రాసుకున్నాడు.

పిల్లలు తప్పిన రోజున ఏ మాస్టారూ సంతోషించడు. ఆ రోజు మా అక్క తప్పినందుకు నేను సంతోషించాను. వరండాలోకి రాగానే, “ఈసారి తప్పానా?” అంది. “ఘోరంగా” అన్నాను. “హమ్మయ్య” అంది. దారిలో టీ తాగాం. తన కప్పు నేను పట్టుకున్నాను.

ఇక మూడు నెలలు ఆగాలి. మళ్లీ ఇంతే తగ్గి ఉంటే నిజంగా తగ్గినట్టు.

రెండు నెలలు దాటాక అక్కకు దగ్గు పట్టింది. మింగేటప్పుడు పొరపోవడం అప్పటికే మొదలైంది. ముందు జలుబనుకున్నాం. ఛాతీలో నెమ్ము చేరిందని చెప్పి ఆస్పత్రిలో పెట్టారు, పరిశోధన జరిగే చోట కాదు, ఇంటికి దగ్గర్లో. అక్కడివాళ్లు ఆమెను ఏమీ కొలవలేదు, ఊపిరి తప్ప. అమ్మ పగలంతా పక్కనే కూర్చుని తల దువ్వేది. నేను బడి నుంచి నేరుగా వెళ్లేవాణ్ణి. ఒక సాయంత్రం వెళ్లేసరికి అమ్మ దువ్వెన చేత్తో పట్టుకుని గది బయట నిలబడి ఉంది.

మింగని బిళ్లలు తిరిగి ఇచ్చెయ్యాలని నియమం. కర్మలన్నీ అయ్యాక ఆ డబ్బా తీసుకుని వెళ్లాను. డాక్టరమ్మ సెలవులో ఉంది. నర్సు బిళ్లలు తీసుకుని, నన్ను కూర్చోమని, నీళ్లు ఇచ్చింది. అవి మందో సుద్దో అని అడిగాను. అందరి కొలతలూ పూర్తయ్యేదాకా ఎవరికీ తెలియదండీ, ఆ తర్వాతే విప్పుతారు అంది.

బయటికి వస్తుంటే వరండాలో మౌనస్వామి ఎదురయ్యాడు. నన్ను గుర్తుపట్టి, ఒక్కణ్ణే ఉండడం చూసి, ఆగాడు. అడగలేదు. అడగకూడదని ఆయనకు అలవాటు, చెప్పకూడదని నాకు అలవాటు.

“ఇప్పుడు మీతో మాట్లాడొచ్చాండీ?” అన్నాను.

ఆయనకు అర్థమైంది. చేతిలో ఉన్న అట్టను కిందికి దించాడు. “మాట్లాడండి సార్” అన్నాడు. ఆయన సొంత గొంతు వినడం అదే మొదటిసారి.

చెప్పాను. విన్నాడు.

“రెండోసారి వచ్చినప్పుడు నాకు అనుమానం వచ్చింది సార్. బాగున్న చేతులు పుల్లను అలా పట్టుకోవు. అడిగే వీల్లేదు. గడియారం ఎంత చూపిస్తే అంత రాశాను.”

“మీ తప్పేం లేదు” అన్నాను. నిజంగానే లేదు. పేపరు మీద ఉన్నదానికే మార్కులు వేసే నా పని ఆయన ముందు గుర్తుకొచ్చింది.

“చివరిసారిది ఉంది సార్. ఆవిడ చెయ్యి బాగా తగ్గినట్టు అందులో ఉంది.”

“అది లెక్కలోకి వస్తుందా?”

ఆయన అట్టను చేతిలో అటూ ఇటూ తిప్పాడు. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి.

“మూడు నెలలకి మళ్లీ కొలిస్తేనే సార్” అన్నాడు.

లోపలి నుంచి ఎవరో పిలిస్తే ఆయన వెళ్లిపోయాడు. నేను బస్సెక్కి ఇంటికి వచ్చాను. అమ్మ అడిగితే బిళ్లలు ఇచ్చేశానని చెప్పాను. మిగతాది ఇక్కడ రాశాను. మా అక్క కుడిచెయ్యి తగ్గినట్టు ఒకసారి కొలిచారు. రెండోసారి కొలవవలసి ఉంది. అది జరగలేదు.